స్త్రీ వేషంలో వాహనం నడపడం నేరమా? తనిఖీలో పోలీసుల అధికారం ఎంతవరకు?

వాహన తనిఖీలో పోలీసు అధికారి మొదట అడిగేది డ్రైవింగ్ లైసెన్స్. అందులోని ఫొటోను, ఎదురుగా ఉన్న ముఖాన్ని పోల్చి చూస్తారు. ఫొటోలో మీసంతో ఉన్న పురుషుడు, వాహనంపై చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని ఉన్న వ్యక్తి కనిపిస్తే ఆ తనిఖీ అక్కడితో ముగియకపోవచ్చు. హెల్మెట్, బీమా, కాలుష్య ధ్రువపత్రం గురించి మొదలైన ప్రశ్నలు దుస్తుల మీదికి, శరీరం మీదికి, వ్యక్తిగత జీవితం మీదికి మళ్లుతాయి. వాటిలో ఏవి చట్టం అనుమతించినవి, ఏవి కావు అన్నది ఆ సమయంలో చాలామందికి తెలియదు. వాహనం నడిపేవారికే కాదు, ఆపిన వారికి కూడా తెలియకపోవచ్చు.

జార్ఖండ్‌లోని ఉక్కునగరం జంషెడ్‌పూర్‌లో ప్రధాన వాణిజ్య కేంద్రం బిష్టుపూర్. టాటా ఉక్కు కర్మాగారం ఉపాధి చూపడంతో ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలువెత్తు గుర్తు. అలాంటి పట్టణంలో రోడ్డుపై జరిగే ఒక తనిఖీ ప్రభావం చలాన్‌తో ఆగదు. తెలిసినవారి మధ్య, ఒకే కర్మాగారంలో, ఒకే కాలనీలో బతికే వ్యక్తి గురించి ఇంటికి కబురు వెళుతుందన్న భయమే అన్నిటికన్నా పెద్ద శిక్ష అవుతుంది.

క్రాస్‌డ్రెసర్, ట్రాన్స్‌జెండర్: ఇద్దరూ ఒకటి కాదు

సమాజం ఒక లింగానికి చెందినవిగా భావించే దుస్తులను, అలంకారాన్ని మరో లింగానికి చెందిన వ్యక్తి ధరించడాన్ని క్రాస్‌డ్రెసింగ్ అంటారు. ఇందుకు కారణాలు అనేకం. కొందరికి అది రంగస్థల వృత్తి, కొందరికి మొక్కు, కొందరికి మనసుకు నచ్చిన వ్యక్తీకరణ. అలా దుస్తులు ధరించే పురుషుడు తనను తాను పురుషుడిగానే భావించుకోవచ్చు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తి విషయం వేరు. పుట్టినప్పుడు నమోదైన లింగానికి, తాను అనుభవించే లింగ గుర్తింపునకు పొంతన లేనివారు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. ట్రాన్స్ మహిళ చీర కట్టుకోవడం వేషం కాదు, అది ఆమె నిత్యజీవితం. రోడ్డుపై ఆపిన పోలీసుకు ఈ ఇద్దరూ ఒకేలా కనిపించవచ్చు. చట్టం వారికి ఇచ్చే రక్షణలో మాత్రం కొన్ని తేడాలు ఉన్నాయి.

తెలుగువారికి స్త్రీ వేషం కొత్తది కాదు. కూచిపూడి సంప్రదాయంలో స్త్రీ పాత్రలను తరతరాలుగా పురుషులే పోషించారు. సత్యభామ పాత్రతో తెలుగు నాటకరంగాన్ని ఏలిన స్థానం నరసింహారావుకు 1956లో, అదే పాత్రతో కూచిపూడికి పేరు తెచ్చిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ పురస్కారాలు లభించాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకునే పురుషులు చీరలు కట్టి, నగలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతంలోని సంతెకుడ్లూరులో హోలీ సందర్భంగా పురుషులు స్త్రీ వేషధారణలో రతీ మన్మథులను పూజిస్తారు. వేదికపై చప్పట్లు, జాతరలో దండాలు అందుకునే వేషమే రాత్రివేళ రోడ్డుపై అనుమానానికి కారణం కావడమే ఇక్కడి వైరుధ్యం.

మోటారు వాహనాల చట్టం ఏం చెబుతోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం వాహనం నడిపే వ్యక్తి లింగాన్ని గాని, సొంత వాహనంలో ధరించే దుస్తులను గాని నియంత్రించదు. ద్విచక్ర వాహనంపై హెల్మెట్ ధరించాలని సెక్షన్ 129 నిర్దేశిస్తోంది. ఆటో, ట్యాక్సీ వంటి అద్దె వాహనాల డ్రైవర్లకు అనేక రాష్ట్రాల్లో యూనిఫాం నిబంధన ఉంది. ఇంతకు మించి చీర, లంగా, చొక్కా, ప్యాంటు అన్న తేడా చట్టంలో లేదు.

సెక్షన్ 130 ప్రకారం బహిరంగ ప్రదేశంలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగినప్పుడు డ్రైవర్ లైసెన్స్ చూపాలి. 2018 నుంచి డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలోని పత్రాలూ చెల్లుతాయి. మద్యం తాగినట్లు అనుమానం ఉంటే సెక్షన్ 203 కింద శ్వాస పరీక్ష చేయవచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే అది సెక్షన్ 185 కింద నేరం. చట్టాన్ని ఉల్లంఘించిన డ్రైవర్ తన పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని సెక్షన్ 202 ఇస్తోంది.

అందువల్ల లైసెన్స్ అడగడం, హెల్మెట్ తీసి ముఖం చూపమనడం, పేరు, చిరునామా అడగడం పోలీసుల విధి నిర్వహణలో భాగమే. ఫొటో, ముఖం కలవనప్పుడు వాహనం దొంగిలించినదా, లైసెన్స్ మరొకరిదా అన్న సందేహం రావడం సహజం. ఆ సందేహాన్ని తీర్చుకునే మార్గం కూడా ఉంది. లైసెన్స్ నంబరును ప్రభుత్వ డేటాబేస్‌తో సరిచూడవచ్చు. వాహన యజమాని పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడిగి పోల్చవచ్చు. వివరాలు సరిపోతే గుర్తింపు ప్రశ్న అక్కడితో ముగుస్తుంది. ఈ దుస్తులు ఎందుకు వేసుకున్నావు, లోపల ఏముంది, పెళ్లయిందా వంటి ప్రశ్నలకు వాహన చట్టంలో ఆధారం లేదు.

వేషధారణ వేరే చట్టం కింద నేరమవుతుందా?

దుస్తుల ఆధారంగా నేరంగా పరిగణించే సందర్భాలు భారత చట్టంలో పరిమితం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 205 ప్రకారం, మోసపూరిత ఉద్దేశంతో ప్రభుత్వోద్యోగి దుస్తులను ధరించడం నేరం. సెక్షన్ 319లోని మారువేషపు మోసానికి కూడా మరొకరిగా నటించి ఎదుటివారిని వంచించడం అవసరం. పురుషుడు చీర కట్టినంత మాత్రాన ఈ రెండింటిలో ఏదీ వర్తించదు. ఎవరినీ మోసం చేయలేదు, ఏ ప్రయోజనమూ పొందలేదు.

కొన్ని రాష్ట్రాల పోలీసు చట్టాల్లో మాత్రం పాత అనుమానపు ఛాయలు మిగిలే ఉన్నాయి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ముఖం కప్పుకుని లేదా మారువేషంలో అనుమానాస్పదంగా కనిపించిన వ్యక్తిపై చర్యకు 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టం సెక్షన్ 122 వీలు కల్పిస్తోంది. దొంగలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఇలాంటి నిబంధనలు వేషధారణ పట్ల పోలీసుల ఆలోచనను చాలాకాలం ప్రభావితం చేశాయి.

అనుమానం ఎక్కడ మొదలైంది?

దీని మూలాలు వలస పాలనలో ఉన్నాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టంలోని రెండో భాగం హిజ్రాలను ఉద్దేశించి రూపొందింది. పోలీసు రిజిస్టరులో పేరున్న వ్యక్తి బహిరంగ వీధిలో స్త్రీ దుస్తుల్లో, ఆభరణాలతో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. 1884లో అలహాబాద్ హైకోర్టు ముందుకు వచ్చిన ఖైరాతీ కేసు ఈ ధోరణికి ఉదాహరణ. స్త్రీ దుస్తులు ధరించి, పాటలు పాడే వ్యక్తిగా పోలీసుల దృష్టిలో పడిన ఖైరాతీకి కింది న్యాయస్థానం అసహజ నేరం కింద శిక్ష విధించింది. నేరం ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో జరిగిందో తేలనందున హైకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది.

నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానం ఇదే నమూనాను అనుసరించింది. 1329 ఫసలీ, అంటే 1919లో తెచ్చిన చట్టం హిజ్రాల పేర్లతో రిజిస్టరు నిర్వహించాలని ఆదేశించింది. నమోదైన వ్యక్తి వీధిలో స్త్రీ వేషధారణలో కనిపించినా, బహిరంగంగా నృత్యం చేసినా వారెంటు అవసరం లేకుండా అరెస్టు చేయవచ్చు. ఇక్కడా శిక్ష రెండేళ్ల వరకు. సంస్థానం పోయినా, రాష్ట్రాలు మారినా ఆ చట్టం తెలంగాణ ప్రాంత చట్టంగా పుస్తకాల్లో కొనసాగింది. సాక్చిగా పిలిచే ఉక్కు గ్రామానికి వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌పూర్ అని పేరు పెట్టిన సంవత్సరం కూడా 1919 కావడం యాదృచ్ఛికం. హైదరాబాద్ చట్టం ఈ పట్టణానికి ఎన్నడూ వర్తించలేదు. అయితే ఆ చట్టం వెనుక ఉన్న ఆలోచనకు సరిహద్దులు లేవు.

హైదరాబాద్‌కు చెందిన ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో ఈ చట్టాన్ని హైకోర్టులో సవాలు చేశారు. 2023 జులైలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డిల ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. సమానత్వాన్ని కాపాడే 14వ అధికరణాన్ని, జీవించే హక్కును కాపాడే 21వ అధికరణాన్ని ఆ చట్టం ఉల్లంఘిస్తోందని తేల్చింది. ఒక సమూహం మొత్తాన్ని పుట్టుకతో నేరస్థులుగా చూసే 104 ఏళ్ల నాటి చట్టం అలా ముగిసింది.

సుప్రీంకోర్టు మాట

దుస్తుల స్వేచ్ఛకు దేశవ్యాప్తంగా వర్తించే ఆధారం 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలోని భావప్రకటన స్వేచ్ఛలో తన లింగ గుర్తింపును దుస్తులు, మాటలు, ప్రవర్తన ద్వారా వ్యక్తం చేసే హక్కు ఇమిడి ఉందని ఆ తీర్పు స్పష్టం చేసింది. రాజ్యాంగం అనుమతించిన సహేతుక పరిమితులు తప్ప, వ్యక్తి రూపం, దుస్తుల ఎంపికపై ఆంక్షలు చెల్లవని పేర్కొంది. 2017 ఆగస్టు 24న వెలువడిన పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. స్త్రీ వేషాన్ని చూసి, పాత 377 సెక్షన్ పేరు చెప్పి భయపెట్టే వీలు ఆ తీర్పుతో పోయింది.

2019లో పార్లమెంటు ఆమోదించిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని సెక్షన్ 18 ప్రకారం ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని శారీరకంగా, లైంగికంగా, మాటలతో, మానసికంగా, ఆర్థికంగా వేధించడం నేరం. బహిరంగ ప్రదేశంలో తిరిగే హక్కును అడ్డుకోవడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, జరిమానా. ఈ సెక్షన్‌లో పోలీసులకు మినహాయింపు లేదు.

ఇక్కడే క్రాస్‌డ్రెసర్, ట్రాన్స్‌జెండర్ తేడా ముఖ్యమవుతుంది. తనను పురుషుడిగానే భావించే రంగస్థల కళాకారుడు లేదా వేషధారణ ఇష్టపడే వ్యక్తి 2019 చట్టంలోని నిర్వచనం కిందికి రాకపోవచ్చు. జిల్లా మేజిస్ట్రేట్ జారీ చేసే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం అతనికి ఉండదు. అలాగని రక్షణ లేదని అర్థం కాదు. రాజ్యాంగ హక్కులు, గోప్యత హక్కు, సాధారణ నేర చట్టాల రక్షణ అందరికీ వర్తిస్తాయి. ఏ పత్రమూ లేకుండానే దుస్తులు ఎంచుకునే హక్కు పౌరుడికి ఉంది.

సోదా ఎవరు చేయాలి?

తనిఖీల్లో అత్యంత అవమానకరమైన ఘట్టం శరీర సోదా. మామూలు వాహన తనిఖీలో లైసెన్స్, పత్రాలు చూడటానికి శరీర సోదా అవసరం లేదు. అరెస్టు చేసిన వ్యక్తిని సోదా చేయడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 49 అధికారం ఇస్తోంది. మహిళను సోదా చేయవలసి వస్తే మరో మహిళే, మర్యాదకు భంగం కలగకుండా చేయాలని ఆ సెక్షన్ నిర్దేశిస్తోంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల ప్రస్తావన ఆ సెక్షన్‌లో విడిగా లేదు. దాంతో ట్రాన్స్ మహిళను పురుష కానిస్టేబుల్ తడిమి చూసే పరిస్థితి ఏర్పడుతుంది.

జైళ్ల విషయంలో ఈ లోటును కేంద్ర హోం శాఖ గుర్తించింది. ట్రాన్స్‌జెండర్ ఖైదీల సోదాను వారు కోరుకున్న లింగానికి చెందిన సిబ్బంది లేదా శిక్షణ పొందిన వైద్య సిబ్బంది చేయాలని 2022 జనవరిలో రాష్ట్రాలకు సూచించింది. జైలు గోడల మధ్య పాటించదగిన మర్యాద, నలుగురూ చూస్తున్న నడిరోడ్డుపై మరింత అవసరం.

డబ్బు కోసం బెదిరిస్తే

చట్టం తెలిసినా తెలియకపోయినా భయం పనిచేస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తామని, ఆఫీసులో చెబుతామని, ఫొటో తీసి పంచుతామని బెదిరిస్తే ఆపిన వ్యక్తి ఎంత అడిగితే అంత ఇచ్చి వెళ్లిపోవాలనే చూస్తాడు. ఫిర్యాదు చేస్తే తన విషయం బయటపడుతుంది కాబట్టి మౌనంగా ఉంటాడు. ఈ మౌనమే వేధింపులకు పెట్టుబడి.

న్యాయ సంహితలో హాని అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో శరీరం, ఆస్తి, మనసుతో పాటు ప్రతిష్ఠకు చట్టవిరుద్ధంగా కలిగించే నష్టం కూడా ఉంది. అలాంటి హాని చేస్తామని భయపెట్టి డబ్బు తీసుకోవడం సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు. ప్రతిష్ఠకు భంగం కలిగిస్తామని బెదిరించడం సెక్షన్ 351 కింద నేరపూరిత బెదిరింపు. చేసింది యూనిఫాంలో ఉన్న వ్యక్తి అయినా నేరం నేరమే.

మారుతున్న పోలీసు వ్యవస్థ

మద్రాస్ హైకోర్టు 2021 జూన్ 7న ఎస్. సుష్మ కేసులో ఇచ్చిన ఆదేశాల దరిమిలా తమిళనాడు ప్రభుత్వం 2022లో పోలీసు సిబ్బంది ప్రవర్తన నియమావళిని సవరించింది. లైంగిక, లింగ వైవిధ్యం గల వ్యక్తులను వేధించడం దుష్ప్రవర్తన అవుతుందని అందులో చేర్చింది. కేంద్రం 2020లో రూపొందించిన నియమాలు ప్రతి జిల్లాలో జిల్లా మేజిస్ట్రేట్ ఆధ్వర్యంలో, రాష్ట్ర స్థాయిలో డీజీపీ ఆధ్వర్యంలో ట్రాన్స్‌జెండర్ రక్షణ విభాగాలు ఉండాలని నిర్దేశించాయి. తెలంగాణ పోలీసు మహిళా భద్రత విభాగం 2022లో ప్రైడ్ ప్లేస్ పేరుతో అలాంటి కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. జార్ఖండ్ మంత్రివర్గం 2023 సెప్టెంబరులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చాలని, నెలకు 1,000 రూపాయల పింఛను ఇవ్వాలని నిర్ణయించింది.

విదేశాల్లోనూ ఇదే ప్రయాణం సాగింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1863లో తెచ్చిన వేషధారణ నిషేధం 1974 వరకు కొనసాగింది. భారతదేశం నుంచి వలస కూలీలు వెళ్లిన గయానాలో 2009లో స్త్రీ దుస్తులు ధరించారని నలుగురు ట్రాన్స్ మహిళలను అరెస్టు చేసి జరిమానా విధించారు. అందుకు ఆధారమైన 1893 నాటి చట్టాన్ని కరీబియన్ న్యాయస్థానం 2018 నవంబరు 13న కొట్టివేసింది.

తనిఖీలో ఆపితే ఏం చేయాలి?

వాహనాన్ని పక్కన ఆపి, ఇంజిన్ కట్టివేసి, అడిగిన పత్రాలు చూపడం మొదటి పని. లైసెన్స్‌లోని పేరునే చెప్పాలి. వేరే పేరుతో పిలిపించుకునే అలవాటు ఉన్నా, పత్రాల్లోని పేరు దాచడం అనవసర అనుమానానికి దారి తీస్తుంది. ఫొటోకు, రూపానికి తేడా ఉంటే ఆ సంగతి ముందుగా చెప్పి, ఆధార్ వంటి మరో గుర్తింపు పత్రం చూపవచ్చు. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఉన్నవారు దాని ప్రతిని ఫోన్‌లో ఉంచుకోవడం మేలు. ఆ పత్రం ఆధారంగా లైసెన్స్‌లోని పేరు, వివరాలు మార్పించుకుంటే సమస్య మూలం తొలగుతుంది.

ఉల్లంఘన ఉంటే చలాన్ రాయమని అడగవచ్చు. రసీదు లేకుండా డబ్బు ఇవ్వనవసరం లేదు. అరెస్టు చేస్తే కారణం వెంటనే చెప్పాలని సురక్షా సంహిత సెక్షన్ 47, విచారణ సమయంలో న్యాయవాదిని కలిసే హక్కు ఉందని సెక్షన్ 38 చెబుతున్నాయి. వేధింపు జరిగితే తేదీ, సమయం, స్థలం, సిబ్బంది యూనిఫాంపై ఉన్న పేరు, పోలీసు వాహనం నంబరు వెంటనే రాసి పెట్టుకోవాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే సెక్షన్ 173(4) కింద జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ సహాయ నంబరు 15100 ద్వారా న్యాయ సలహా పొందవచ్చు. అత్యవసర సహాయానికి 112కు ఫోన్ చేయవచ్చు.

2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసు శాఖ 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధుల్లోకి తీసుకుంది. స్త్రీ దుస్తుల్లో వీధిలో కనిపిస్తే అరెస్టు చేయమన్న చట్టం అమలైన నగరంలోనే వారు ఇప్పుడు కూడళ్లలో నిలబడి వాహనాలను ఆపుతున్నారు. హైదరాబాద్‌లోనైనా, బిష్టుపూర్‌లోనైనా తనిఖీకి ఉద్దేశం ఒక్కటే: వాహనం, దాన్ని నడిపే వ్యక్తి రోడ్డుకు సురక్షితమా కాదా అని చూడటం. లైసెన్స్ సరైనదే అయితే, హెల్మెట్ ఉంటే, మద్యం తాగకపోతే ఆ వ్యక్తి కట్టుకున్నది చీర అయినా పంచె అయినా వాహనాన్ని ముందుకు పోనివ్వాలి.